ఎంతవరకు చూడనిస్తారు?

ఏటా ఈ స్మారకోపన్యాసం ఏర్పాటు చేస్తున్న మిత్రులు ఈసారి ఆయుధ నియంత్రణ చర్చల గురించి మాట్లాడమన్నారు. అమెరికా, రష్యాల మధ్య మిగిలిన చివరి అణ్వస్త్ర ఒడంబడిక ‘న్యూ స్టార్ట్’ గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది. 2010 ఏప్రిల్‌లో ప్రాగ్ నగరంలో ఒబామా, మెద్వెదేవ్ సంతకాలు చేసిన ఆ ఒడంబడిక ప్రకారం ఒక్కో దేశం మోహరించే వ్యూహాత్మక వార్‌హెడ్లు 1,550 దాటకూడదు. వాటిని మోసే క్షిపణులు, బాంబర్లు 700 దాటకూడదు. గడువు తీరేముందు జరిగిన చర్చంతా ఈ అంకెల చుట్టే తిరిగింది. అంకెలకేం, ఇద్దరు అధ్యక్షులు తలచుకుంటే నోటిమాట మీదైనా పాటించవచ్చు. అదే ఒడంబడికలో మరికొన్ని ఏర్పాట్లున్నాయి. ఒకరి స్థావరాలకు మరొకరు ఏడాదికి 18 సార్లు వెళ్లి చూడవచ్చు. ఆరు నెలలకోసారి లెక్కలు ఇచ్చిపుచ్చుకోవాలి. ప్రతి క్షిపణికీ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి, అది చోటు మారితే అవతలివారికి తెలియజేయాలి. అలా అటూ ఇటూ నడిచిన సమాచారాలు 25 వేలు దాటాయి. కొవిడ్ పేరున 2020 మార్చిలో ఆగిన తనిఖీలు మళ్లీ మొదలుకాలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా ఒడంబడిక అమలును నిలిపేశాక లెక్కల మార్పిడీ పోయింది. అంటే గడువు తీరడానికి మూడేళ్ల ముందే చూపు పోయింది. నా లెక్కలో అసలు నష్టం అక్కడ జరిగింది. ఆయుధ చర్చల్లో దశాబ్దాల తరబడి సాగిన బేరమంతా, పైకి ఎన్ని ఆయుధాలన్న ప్రశ్నలా కనిపించినా, లోపల ఎవరు ఎవరిని ఎంతవరకు చూడనిస్తారన్న ప్రశ్నేనని ఈ పూట వాదించబోతున్నాను.

నిరాయుధీకరణ గురించి మన దగ్గర సాధారణంగా రెండు ధోరణుల్లో మాట్లాడతారు. దేశాధినేతలకు మనసు మారితే, నమ్మకం కుదిరితే ఆయుధాలు వాటంతటవే తగ్గుతాయని ఒకరంటారు. శత్రువును నమ్మడం కుదరని పని కాబట్టి ఈ కాగితాలన్నీ వృథా అని మరొకరంటారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఖండించుకుంటున్నట్టే ఉంటారు గానీ, ఒడంబడికకు పునాది నమ్మకమేనన్న దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. చరిత్ర ఆ మాటను బలపరచదు. 1972 మే నెల సంగతి చూడండి. ఆ నెల రెండో వారంలో నిక్సన్ ప్రభుత్వం ఉత్తర వియత్నాంలోని హైఫాంగ్ రేవు నిండా మైన్లు చల్లింది. ఆ రేవులో సోవియట్ ఓడలున్నాయి. ఉత్తర వియత్నాంకు ఆయుధాలు పోసేది సోవియట్ యూనియనే. అయినా అదే నెల 22న నిక్సన్ మాస్కోలో దిగాడు. 26న బ్రెజ్నెవ్, ఆయన కలిసి క్షిపణి రక్షణ వ్యవస్థల ఒడంబడిక మీద, వ్యూహాత్మక ఆయుధాల తాత్కాలిక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ గదిలో నమ్మకం ఉందని ఎవరూ అనలేరు. ఆయుధ నియంత్రణ అవసరమైనప్పుడు సాధ్యం కాదు, సాధ్యమైనప్పుడు అవసరముండదు అని చమత్కరించే పండితులకు కూడా ఆ మే నెలే జవాబు. నమ్మకం లేనివాళ్ల మధ్య ఒడంబడికను నిలబెట్టేది మరొకటి ఉండాలి. 1972లో అది ఉపగ్రహం. ఎదుటివారి ఉపగ్రహాలకు అడ్డుపడకూడదని, వాటినుంచి దాచే పనులు చేయకూడదని ఆ ఒడంబడికలోనే రాసుకున్నారు. గూఢచర్యానికి చట్టబద్ధత ఇచ్చుకున్నారంటే అతిశయోక్తి కాదు.

అయితే ఉపగ్రహం భూమి లోపలికి చూడలేదు. ఆ లోటు ప్రపంచానికి ఎంత ఖరీదైందో తెలుసుకోవాలంటే మరికాస్త వెనక్కి వెళ్లాలి. 1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ‘లక్కీ డ్రాగన్’ అనే జపాన్ చేపల పడవ మీద పడింది. అందులో ఉన్న 23 మందికీ రేడియేషన్ సోకింది, ఒకరు ఆ ఏడాదే చనిపోయారు. ఆ వార్త వేడి చల్లారకముందే, ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో మాట్లాడుతూ పూర్తి నిరాయుధీకరణ కుదిరేదాకా కనీసం పరీక్షలైనా ఆపుదామని ప్రతిపాదించారు. అణుపరీక్షల నిషేధాన్ని ప్రపంచం ముందు పెట్టిన తొలి ప్రతిపాదనల్లో అది ముఖ్యమైనది. 1958లో జెనీవాలో రెండు శిబిరాల శాస్త్రవేత్తలు కూర్చుని, గాలిలో, నీటిలో జరిగే పేలుళ్లను దూరం నుంచి పట్టుకోవచ్చని, భూగర్భంలో జరిగే చిన్న పేలుడును మాత్రం భూకంపం నుంచి విడదీసి చెప్పడం కష్టమని తేల్చారు. అనుమానం వచ్చినచోటికి మనుషులు వెళ్లి చూడాలి. ఎన్నిసార్లు? ఇక బేరమంతా దీని మీదే. క్యూబా సంక్షోభం ముగిసిన రెండు నెలలకే, 1962 డిసెంబరులో, ఏడాదికి రెండు మూడు తనిఖీలకు ఒప్పుకుంటానని కృశ్చేవ్ కెనెడీకి రాశాడు. అమెరికా ఎనిమిది నుంచి పది అడిగింది. తర్వాత ఏడుకు దిగింది. మూడు దగ్గర ఒకరు, ఏడు దగ్గర ఒకరు ఆగిపోయారు. 1963 ఆగస్టు 5న మాస్కోలో సంతకాలైన ఒడంబడిక గాలిలో, అంతరిక్షంలో, నీటిలో పరీక్షలను నిషేధించి భూగర్భాన్ని వదిలేసింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు వందల కొద్దీ బాంబులు భూమి కింద పేలాయి, కొత్త కొత్త వార్‌హెడ్ల నమూనాలన్నీ అక్కడే తయారయ్యాయి. మూడుకూ ఏడుకూ మధ్య ఉన్న నాలుగు పర్యటనల కోసం అంత జరిగిందా అని ఆశ్చర్యం కలుగుతుంది. జరిగింది, కాని అది నాలుగు పర్యటనల లెక్క కాదు. సోవియట్ సైన్యం తన భూభాగంలో విదేశీయుడు తిరగడాన్నే భరించలేదు. అమెరికన్ సెనేట్ తక్కువ తనిఖీలున్న ఒడంబడికను ఆమోదించదు. ఇద్దరు నాయకులూ ఒకరితో ఒకరు బేరమాడుతున్నట్టు కనిపించారు గాని, ఇద్దరూ తమ ఇంట్లోవాళ్లతోనే ఓడిపోయారు.

చూడనివ్వనిది ఎప్పుడూ ఎదుటివాడేనన్న భ్రమ 1986-87లో బద్దలైంది. అంతవరకు తనిఖీ అనగానే అమెరికా అడుగుతుంది, సోవియట్ యూనియన్ కాదంటుంది. అడిగేవాడికి ఆ ‘కాదు’ ఒక సదుపాయం కూడా: ఎంత పెద్ద షరతైనా పెట్టవచ్చు, నెరవేర్చవలసిన పని రాదు. గోర్బచెవ్ ఆ సదుపాయాన్ని లాగేశాడు. 1986 వేసవిలో సోవియట్ విజ్ఞాన అకాడమీకీ, ఒక అమెరికన్ పర్యావరణ సంస్థకూ మధ్య కుదిరిన ఏర్పాటుతో అమెరికన్ శాస్త్రవేత్తలు కజకిస్థాన్‌లోని సెమిపలాతిన్‌స్క్ పరీక్షా క్షేత్రానికి చేరువలో భూకంప లేఖినులు అమర్చారు. పాతికేళ్లు ప్రభుత్వాలకు కుదరనిది ప్రభుత్వేతరుల చేతుల మీదుగా జరిగింది. ఆ సెప్టెంబరులో స్టాక్‌హోంలో కుదిరిన ఐరోపా ఒప్పందంలో, నిరాకరించే హక్కు లేని తనిఖీకి సోవియట్ యూనియన్ మొదటిసారి ఒప్పుకుంది. మధ్యతరహా క్షిపణుల చర్చల్లో అయితే, అమెరికా ఎంతకాలంగానో కోరుతున్న విస్తారమైన తనిఖీలకు సరేనంది. అప్పుడు తడబడింది వాషింగ్టన్. సోవియట్ అధికారులు అమెరికాలోని ప్రైవేటు ఆయుధ కర్మాగారాల్లో ఎక్కడపడితే అక్కడ తిరగడమా అని గూఢచారి విభాగాలూ కంపెనీలూ గొడవపెట్టాయి. 1987 ఆగస్టులో అమెరికాయే తన కోరికల జాబితాను కుదించుకుంది. రసాయనాయుధాల చర్చల్లోనూ ఇదే కథ. 1984లో ‘ఎప్పుడైనా, ఎక్కడైనా’ తనిఖీ అని ప్రతిపాదించింది అమెరికా. ఎదుటివారు సరేనన్నాక, కొన్నేళ్లకు ‘హద్దుల్లో ఉండే ప్రవేశం’ అని సర్దుకున్నదీ అమెరికాయే. దీన్ని ఒక దేశం కపటంగా కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ఇందులో ఏ చర్చకైనా పనికొచ్చే గీటురాయి కనిపిస్తుంది: ఒక దేశం ఎదుటివారిని ఏం చూపమంటున్నదో వినడంతో సరిపోదు, తాను ఏం చూపడానికి సిద్ధపడిందో అడగాలి.

1987 డిసెంబరులో సంతకమైన ఆ మధ్యతరహా క్షిపణుల ఒడంబడిక ఎలా పనిచేసిందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం వెళ్లే భూతల క్షిపణులన్నిటినీ రద్దు చేయాలి. 1991 మే నాటికి 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. అందులో 1,846 సోవియట్‌వి, 846 అమెరికావి. తక్కువున్నవాడి దగ్గర తక్కువ, ఎక్కువున్నవాడి దగ్గర ఎక్కువ పోయాయి, ఎవరూ గొడవపడలేదు. చిక్కు మరోచోట వచ్చింది. నిషేధించిన ఎస్‌ఎస్-20 క్షిపణికీ, నిషేధం లేని ఎస్‌ఎస్-25 ఖండాంతర క్షిపణికీ మొదటి దశ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటుంది. రెండోదాన్ని కూర్చే కర్మాగారం ఉరల్ పర్వతాల దగ్గర వోత్‌కిన్‌స్క్ పట్నంలో ఉంది. కనుక ఆ కర్మాగారం గేటు ముందే అమెరికన్లు కాపురం పెట్టారు. ప్రతిగా సోవియట్ బృందం అమెరికాలోని యూటా రాష్ట్రంలో మాగ్నా కర్మాగారం గేటు ముందు కూర్చుంది. బయటికొచ్చే ప్రతి పెద్ద బండినీ కొలవాలి, అవసరమైతే ఎక్స్‌రే తీయాలి. ఆ ఎక్స్‌రే యంత్రం మీద 1990 మార్చిలో పెద్ద తగాదా వచ్చింది. సోవియట్లు కొన్ని క్షిపణులను యంత్రం ముందు నిలపకుండానే పంపేశారు. తగాదా పైస్థాయికి వెళ్లింది, సర్దుబాటైంది, కాపలా కొనసాగింది. సోవియట్ యూనియనే కూలిపోయినా గేటు దగ్గరి ఏర్పాటు కూలలేదు, 2001 మే చివరిదాకా నడిచింది. ఆ తర్వాత ఏం జరిగింది? ఒడంబడిక మిగిలింది, తనిఖీలు ముగిశాయి. 2014లో రష్యా నిషిద్ధ దూరం వెళ్లే కొత్త క్రూయిజ్ క్షిపణిని పరీక్షించిందని అమెరికా ఆరోపించింది, రష్యా కాదంది. 2019 జనవరిలో మాస్కో దగ్గర విదేశీ సైనిక ప్రతినిధులను పిలిచి క్షిపణి గొట్టం ఒకటి చూపించారు; నిలబెట్టిన గొట్టాన్ని చూస్తే అది ఎంత దూరం ఎగురుతుందో తెలియదని అమెరికా ఆ ప్రదర్శనకు వెళ్లలేదు. ఆగస్టు 2న ఒడంబడిక రద్దయింది. గొట్టం విషయంలో అమెరికా మాట శాస్త్రీయంగా సబబే. కాని తగాదా ఎక్కడ తీరిందో, ఎక్కడ తీరలేదో చూడండి. ఎక్స్‌రే యంత్రం ఉన్నప్పటి తగాదాకు మాట్లాడుకునే చోటుంది. రెండోదానికి ఆరోపణ, ఖండన, వేదిక మీద ఒక వస్తు ప్రదర్శన తప్ప మరేమీ లేవు.

నా వాదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం జీవాయుధాలు, రసాయనాయుధాలు. ఇవి కవల ఒడంబడికలు కావలసినవి. 1960ల చివర జెనీవాలో రెండింటినీ కలిపే చర్చించారు. రసాయనాయుధాలకు తనిఖీ కావాలి, అది ఇప్పట్లో కుదరదు, జీవాయుధాలకు సైన్యపరంగా పెద్ద ప్రయోజనం లేదు కాబట్టి వాటిని తనిఖీ లేకుండానే నిషేధిద్దాం అని విడదీశారు. 1972లో సంతకాలకు పెట్టిన జీవాయుధాల ఒడంబడిక 1975లో అమల్లోకి వచ్చింది. ఒక తరగతి ఆయుధాలను పూర్తిగా నిషేధించిన మొదటి ఒడంబడిక అని దానికి కీర్తి. దానికి ధర్మకర్తలుగా ఉన్న మూడు దేశాల్లో సోవియట్ యూనియన్ ఒకటి. ఆ సోవియట్ యూనియన్, సంతకం తడి ఆరకముందే, ‘బయోప్రిపరాత్’ అనే పౌరసంస్థ ముసుగులో ప్రపంచంలోకెల్లా పెద్ద జీవాయుధ కార్యక్రమం నిర్మించింది. 1979 ఏప్రిల్‌లో స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరంలోని సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ గాలిలోకి వదిలిపోయి 60 మందికి పైగా చనిపోయారు. చెడిపోయిన మాంసం తిని పోయారని ప్రభుత్వం చెప్పింది. వెళ్లి చూసే హక్కు ఎవరికీ లేదు గనుక ఆ మాట పదమూడేళ్లు చెల్లింది. 1992లో యెల్త్‌సిన్ ఒప్పుకున్నాక హార్వర్డ్ శాస్త్రవేత్తలు వెళ్లి మృతుల ఇళ్లనూ పనిచేసిన చోట్లనూ పటం మీద గుర్తిస్తే, అవన్నీ ఆ కేంద్రం నుంచి గాలివాలుగా సాగిన ఒక సన్నని పట్టీలో పడ్డాయి. ఆ అనుభవం తర్వాత తనిఖీల ఏర్పాటు కోసం 1995 నుంచి ఆరేళ్లకు పైగా చర్చించారు. 2001 జులైలో అమెరికా వద్దని లేచింది. తమ జీవరక్షణ పరిశోధనలూ ఔషధ కంపెనీల రహస్యాలూ బయటపడతాయన్నది కారణం. నేటికీ ఆ ఒడంబడికను చూసుకునే కార్యాలయంలో ఉన్న సిబ్బందిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

రెండో కవలకు పెరగడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. రసాయనాయుధాల ఒడంబడిక 1993 జనవరిలో పారిస్‌లో సంతకాలకు వచ్చి 1997 ఏప్రిల్ 29న అమలైంది. హేగ్ నగరంలో దానికొక సంస్థ ఉంది, వందల మంది సిబ్బంది ఉన్నారు. ఉన్న నిల్వలు ప్రకటించాలి, తనిఖీదారుల కళ్లముందు ధ్వంసం చేయాలి. రసాయన పరిశ్రమలు కూడా నిర్ణీత పరిమాణం దాటితే తమ ఉత్పత్తి లెక్కలు ఇవ్వాలి. పటాన్‌చెరు, పరవాడ లాంటి చోట్ల ఉన్న యజమానులకైనా చట్టం అదే. ప్రకటించిన నిల్వలు 72 వేల టన్నుల పైమాట. వాటిలో ఆఖరిది 2023 జులై 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ధ్వంసమైంది. ఇక్కడ మన దేశం సంగతి దాటవేయడం నిజాయితీ కాదు. 1992 ఆగస్టులో భారత్, పాకిస్థాన్ కలిసి ఒక ప్రకటన చేశాయి: రసాయనాయుధాలు ఎన్నడూ తయారుచేయం, సంపాదించం, వాడం అని. ఆ కాగితంలో తనిఖీ లేదు. ఐదేళ్ల తర్వాత, తనిఖీ ఉన్న ఒడంబడిక అమలైన కొద్దివారాలకే, వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ గ్యాస్ నిల్వ తన దగ్గరుందని భారత్ ప్రకటించింది. పాకిస్థాన్ నొచ్చుకుంది, నొచ్చుకోవడంలో తప్పులేదు. ఆ తర్వాత భారత్ చెప్పినట్టే చేసింది. 2009లో మొత్తం నిల్వను తనిఖీదారుల సమక్షంలో ధ్వంసం చేసిన మూడో దేశమైంది. దేశం అదే, వ్యవధి ఐదేళ్లు. మొదటి కాగితం చేయించలేనిది రెండోది చేయించింది.

ఇంత చెప్పినా అభ్యంతరాలు ఆగవు, ఆగకూడదు కూడా. మొదటిది: తనిఖీలున్నా మోసం చేయరా? చేస్తారు. సిరియా 2013లో రసాయనాయుధాల ఒడంబడికలో చేరి 1,300 టన్నులు ప్రకటించింది, అవి ధ్వంసమయ్యాయి కూడా. అయినా 2017 ఏప్రిల్‌లో ఖాన్ షేఖూన్ పట్టణం మీద సారిన్ విషవాయువు పడింది. కొంత దాచిపెట్టిందన్నది స్పష్టం. అయితే నమూనాలు పరీక్షించి, ఫలానా ప్రభుత్వ పని అని తేల్చిచెప్పింది కూడా ఆ ఒడంబడిక పెంచిన నిపుణులే. స్వెర్ద్‌లోవ్‌స్క్ ‘చెడిపోయిన మాంసం’ కథ పదమూడేళ్లు నిలిచింది. ఖాన్ షేఖూన్ గురించి డమాస్కస్ చెప్పిన కథ ఏడాది కూడా నిలవలేదు. తనిఖీ మోసాన్ని ఆపుతుందని నేననడం లేదు. దాని ఖరీదు పెంచుతుంది, పరిమాణం తగ్గిస్తుంది. 1,300 టన్నులు చేతిలో ఉన్న పాలకుడికీ, దాచిపెట్టిన కొద్దిపాటి సరుకును భయపడుతూ వాడే పాలకుడికీ మధ్య తేడా ఎన్నో వేల ప్రాణాల తేడా. ఈ ఒడంబడికలో నన్ను నిజంగా కలవరపెట్టేది మరొకటి. ఏ సభ్యదేశమైనా మరో దేశం మీద అనుమానంతో హఠాత్తు తనిఖీ కోరే హక్కు అందులో ఉంది. దాని కోసం ఎన్నేళ్లో పోట్లాడారు. ఇప్పటివరకు ఒక్కరూ ఆ హక్కును వాడలేదు. ఈరోజు నేను అడిగితే రేపు నన్ను అడుగుతారన్న జంకు తప్ప దీనికి వేరే కారణం తోచదు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది: తనిఖీ అంటే గూఢచర్యానికి మర్యాదైన పేరు కదా? 1990లలో ఇరాక్‌లో పనిచేసిన ఐక్యరాజ్యసమితి తనిఖీ బృందాన్ని అమెరికా గూఢచారులు తమ పనికి వాడుకున్నారని 1999లో అమెరికన్ పత్రికలే బయటపెట్టాయి. ఆ మచ్చ ఊరికే పోలేదు, ఆ బృందం పరువు తీసింది. అయితే తర్వాత వచ్చినవారి అనుభవం కూడా తూకంలో వేయాలి. 2002 నవంబరులో హాన్స్ బ్లిక్స్, ఎల్‌బరాదీ బృందాలు మళ్లీ ఇరాక్ వెళ్లి వందల చోట్లు వెతికి, వినాశకర ఆయుధాలున్నట్టు ఆధారం దొరకలేదని భద్రతా మండలికి చెప్పాయి. ఇంకొన్ని నెలలు గడువడిగాయి. ఇవ్వలేదు, 2003 మార్చిలో యుద్ధం మొదలైంది. యుద్ధం తర్వాత సొంతంగా వెతికిన అమెరికన్లకూ అలాంటి నిల్వలేవీ దొరకలేదు. తనిఖీదారులు చెప్పింది నిజం, గూఢచారి సంస్థలు చెప్పింది అబద్ధం. గూఢచర్యానికీ తనిఖీకీ తేడా ఏమిటన్నవారికి ఇంతకన్న ఏం చెప్పగలం?

ఉపగ్రహాలు ఇంత పదునెక్కాక మనుషులు వెళ్లడమెందుకన్నది మూడోది. పెద్ద కట్టడాల విషయంలో ఇది నిజమే. 1983లో సైబీరియాలోని క్రాస్నోయార్‌స్క్ దగ్గర 1972 నాటి క్షిపణి రక్షణ ఒడంబడికకు విరుద్ధంగా కడుతున్న రాడార్‌ను ఉపగ్రహాలే పట్టించాయి. ఆరేళ్లు బుకాయించి 1989లో సోవియట్ విదేశాంగ మంత్రి షెవర్ద్‌నాద్జే అది ఉల్లంఘనేనని ఒప్పుకున్నాడు. కాని క్షిపణి టోపీ కింద ఒక వార్‌హెడ్ ఉందా పది ఉన్నాయా ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. న్యూ స్టార్ట్ తనిఖీదారులు స్థావరానికి వెళ్లి తమకు నచ్చిన ఒక క్షిపణిని ఎంచుకునేవారు. ముసుగు కప్పిన ముక్కుభాగాన్ని చూసి, ఎన్ని ఉబ్బులున్నాయో లెక్కపెట్టేవారు. ఇది వార్‌హెడ్ కాదన్న వస్తువు మీద న్యూట్రాన్లను పట్టే పరికరం పెట్టి నిజమో కాదో తేల్చేవారు. ముసుగు తీయరు, రహస్యం చెప్పరు, లెక్క మాత్రం తెలుస్తుంది. చూపవలసింది చూపుతూ దాచవలసింది దాచుకునే ఈ పద్ధతిని కనిపెట్టడానికి రెండు దేశాల ఇంజినీర్లకు దశాబ్దాలు పట్టింది. ఆ పద్ధతి తెలిసిన మనుషులు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తున్నారు. మళ్లీ చర్చలు మొదలైన నాడు వాళ్ల కొరతే ముందు తెలుస్తుంది.

నాలుగో అభ్యంతరం మన దేశానిది: చూపు ఎప్పుడూ పైనుంచి కిందికే నడుస్తుంది. 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ ఒడంబడికలో తనిఖీకి తల ఒగ్గవలసింది అణ్వస్త్రాలు లేనివారు. ఉన్న ఐదుగురి ఆయుధశాలల జోలికి ఎవరూ పోరు. భారత్ దాని మీద సంతకం చేయకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇది ముఖ్యమైనది, న్యాయమైనది. 1996లో సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒడంబడికకు జెనీవాలో భారత ప్రతినిధి అరుంధతీ ఘోష్ అడ్డుచెప్పినప్పుడూ వాదం ఇదే దారిలో నడిచింది: ఆయుధాలను తొలగించే గడువు లేకుండా పరీక్షలు మాత్రం ఆపమంటే ఉన్నవారి పెత్తనం శాశ్వతమవుతుందని. ఈ వాదాన్ని నేను కాదనను. కాని ఇది తనిఖీలోని వివక్షను తప్పుపడుతుంది గాని తనిఖీని కాదు. అందరికీ ఒకటే నియమమున్న రసాయనాయుధాల ఒడంబడికలో భారత్ మొదటిరోజు నుంచీ ఉంది. అణురంగంలో కూడా 2008లో అమెరికాతో పౌర అణు ఒప్పందం కుదిరాక పౌర విభాగాలను అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీకి తెరిచింది. హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో కొన్ని విభాగాలు ఆ జాబితాలో ఉన్నాయి. దానివల్ల దేశ రక్షణకు ముప్పు వచ్చిందని ఆ ఒప్పందాన్ని తీవ్రంగా వ్యతిరేకించినవారు కూడా ఇప్పుడనరు.

చూపును చేజేతులా పోగొట్టుకుంటే ఏమవుతుందో ఇరాన్ చెబుతుంది. 2015లో అగ్రరాజ్యాలతో కుదిరిన అణు ఒప్పందం ప్రకారం ఆ దేశం యురేనియంను 3.67 శాతం దాటి శుద్ధి చేయకూడదు. కేంద్రాల్లో కెమెరాలూ తనిఖీదారులూ ఉండేవారు, షరతులు పాటిస్తున్నట్టు అణుశక్తి సంస్థ పదేపదే నివేదించింది. 2018 మే 8న అమెరికా బయటికొచ్చింది. ఇరాన్ కూడా మెల్లగా హద్దులు దాటి 60 శాతానికి చేరింది, 2022లో కెమెరాలు తీయించింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, తర్వాత అమెరికా ఆ కేంద్రాల మీద బాంబులు వేశాయి. దాడుల నాటికి అక్కడ 60 శాతం శుద్ధి చేసిన యురేనియం 440 కిలోలదాకా ఉందని సంస్థ అంచనా. దాడుల తర్వాత ఇరాన్ సహకారం ఆపేసింది, ఆ సరుకు ఎక్కడుందో చూసి చెప్పగలిగినవారు లేకుండాపోయారు. బాంబులు కట్టడాలను ఎంత కూల్చాయన్నది వాదించుకోవచ్చు; లెక్కను మాత్రం పూర్తిగా కూల్చాయి. ఒప్పందం అసంపూర్ణమైనదని దాన్ని చించినవారికి ఇప్పుడు మిగిలింది ఊహాగానం.

చివరగా మన ఇరుగుపొరుగు. భారత్, పాకిస్థాన్ 1988 డిసెంబరు 31న ఒకరి అణుకేంద్రాల మీద మరొకరు దాడిచేయరాదని ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ కేంద్రాల జాబితాలు మార్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం తర్వాతా, పార్లమెంటు మీద దాడి జరిగి సరిహద్దులో లక్షల సైన్యం మోహరించిన రోజుల్లోనూ ఆ మార్పిడి ఆగలేదు. ఇది అభినందించవలసిన సంగతే. కాని ఆ జాబితాలను సరిచూసే ఏర్పాటు ఏదీ లేదు. ఎవరిచ్చింది వారి మాట. 2005లో బాలిస్టిక్ క్షిపణి పరీక్షలకు ముందుగా తెలియజేసుకునే ఒప్పందం కుదిరింది. అందులో క్రూయిజ్ క్షిపణులు లేవు. 2022 మార్చి 9న ఒక బ్రహ్మోస్ పొరపాటున దూసుకెళ్లి పాకిస్థాన్ పంజాబ్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో వార్‌హెడ్ లేకపోవడం, అవతలివారు తొందరపడకపోవడం మన అదృష్టం. ప్రమాదాలు జరిగితే వెంటనే తెలియజేసుకోవాలని 1999 లాహోర్ అవగాహనలో రాసుకున్నా, భారత ప్రభుత్వ ప్రకటన రెండు రోజులకు వచ్చింది. బ్రహ్మోస్‌ను కూర్చే కేంద్రమొకటి హైదరాబాద్‌లోనే ఉంది కనుక ఈ విషయం మనకు దూరదేశపు వార్త కాదు. పాకిస్థాన్‌తో అణ్వస్త్రాల సంఖ్య మీద చర్చ ఈ దశాబ్దంలో మొదలవుతుందని ఎవరూ అనుకోవడం లేదు, నేనూ అనుకోను. చైనాను పక్కనపెట్టి భారత్ ఆ లెక్క చేయలేదు కూడా. అంత దూరం పోనక్కర్లేకుండా చేయగలవి ఉన్నాయి. 2005 ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులను చేర్చవచ్చు. పొరపాటు జరిగితే ఎన్ని గంటల్లో, ఏ ఫోన్ మీద, ఏ హోదా అధికారి చెప్పాలో కాగితం మీద పెట్టవచ్చు. జరిగిన ప్రమాదం మీద విచారణ నివేదికలో కొంత భాగమైనా అవతలివారికి ఇవ్వవచ్చు. 2022లో ఉమ్మడి విచారణ జరపాలని పాకిస్థాన్ అడిగింది, భారత్ సొంత విచారణతో ముగ్గురు వాయుసేన అధికారులను తొలగించి ఊరుకుంది. ఉమ్మడి విచారణ మన సైన్యానికి మింగుడుపడదని నాకు తెలుసు. నివేదికలో ఏయే పుటలు ఇవ్వగలం, ఏవి ఇవ్వలేం అన్న చర్చ అయినా ఢిల్లీలో మొదలుకావాలి, దానికి ఇస్లామాబాద్ అనుమతి అక్కర్లేదు.